ఎక్కువ బాస్కెట్లు వేసి కూడా ఎలా ఓడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికాలో మీరు అభిమానించే కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు మొన్న ఓడిపోయింది. బాక్స్ స్కోర్ (గేమ్ అంకెలన్నీ ఉండే షీట్) తెరిచి చూస్తే ఎక్కువ బాస్కెట్లు మీవాళ్లవే, రీబౌండ్లూ (తప్పిన షాట్ల బంతులు పట్టుకోవడం) మీవాళ్లకే ఎక్కువ, గేమ్ మొత్తంలో టాప్ స్కోరరూ మీవాడే. "మరి ఎక్కడ ఓడారు? ఈ అంకెల్లో ఏది నమ్మాలి?" అని అడిగారు.

అన్నీ నమ్మొచ్చు. చదివే వరుసలోనే తేడా ఉంది. నేను అక్కడ చదువుకునే రోజుల్లో ఖర్చులకి డబ్బు వస్తుందని ఒక చిన్న కాలేజీ జిమ్‌లో స్టాట్స్ టేబుల్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. చదువు అయిపోయినా ఆ కుర్చీ వదలబుద్ధి కాక చాలా సీజన్లు అక్కడే ఉండిపోయాను. మొదట్లో నేనూ పాయింట్ల కాలమ్‌ నుంచే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు షీట్ చేతికొస్తే అది చివర చూస్తాను.

మీ జట్టుకి జరిగింది వింతేమీ కాదు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇప్పటికీ చెప్పుకునే ఫైనల్ ఒకటి అచ్చం ఇలాగే జరిగింది. 1985 ఏప్రిల్ 1, కెంటకీలోని లెక్సింగ్టన్. ఒకవైపు ముందు ఏడాది టైటిల్ గెలిచిన జార్జ్‌టౌన్, మధ్యలో కొండలా పాట్రిక్ యూయింగ్. రెండోవైపు ఎనిమిదో సీడ్ (టోర్నమెంటుకి ముందు జట్లకిచ్చే ర్యాంకు) విల్లనోవా. చివరికి విల్లనోవా 66, జార్జ్‌టౌన్ 64.

ఇప్పుడు షీట్ చూడండి. జార్జ్‌టౌన్ 53 షాట్లు కొడితే 29 పడ్డాయి. విల్లనోవా కొట్టినవే 28, అందులో పడ్డవి 22. అంటే ఓడిన జట్టు ఏడు బాస్కెట్లు ఎక్కువ వేసింది, షాట్లయితే దాదాపు రెట్టింపు కొట్టింది. అప్పటికి కాలేజీ టోర్నమెంటులో త్రీ పాయింట్ గీత (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) లేదు, కాబట్టి ప్రతి బాస్కెట్టూ రెండే. 58 పాయింట్లు ఒకరికి, 44 ఇంకొకరికి. మిగతాదంతా ఫ్రీ త్రో గీత దగ్గర జరిగింది. ఫ్రీ త్రో అంటే అవతలివాళ్లు ఫౌల్ చేస్తే దొరికే, ఎవరూ అడ్డుకోని ఒక పాయింట్ షాట్. విల్లనోవాకి 27 ఫ్రీ త్రోలు దొరికితే 22 వేశారు. జార్జ్‌టౌన్‌కి దొరికినవి ఎనిమిదే, ఆరు పడ్డాయి.

ఆ గేమ్ గురించి ఎవరు మాట్లాడినా 78.6 శాతం దగ్గర ఆగిపోతారు. విల్లనోవా షూటింగ్ శాతం అది. సెకండ్ హాఫ్‌లో పది షాట్లకి తొమ్మిది వేశారు. నిజంగానే నమ్మశక్యం కాని అంకె. "పర్ఫెక్ట్ గేమ్" అన్న పేరు కూడా దానివల్లే వచ్చింది. కానీ అదే షీట్‌లో కాస్త పక్కకి జరిగితే విల్లనోవా టర్నోవర్లు 17 అని కనిపిస్తాయి. పదిహేడుసార్లు బంతి చేజార్చుకున్న పర్ఫెక్ట్ గేమ్! నా కన్ను మాత్రం ఎప్పుడూ 27, 8 దగ్గరకే పోతుంది. షాట్లు 28, ఫ్రీ త్రోలు 27. ప్రతి షాట్‌కీ దాదాపు ఒక ఫ్రీ త్రో సంపాదించుకున్న జట్టు అది. ఆ టోర్నమెంటులో షాట్ క్లాక్ (ఇంతసేపట్లో షాట్ కొట్టాలన్న గడువు) లేదు, 45 సెకన్ల క్లాక్ తర్వాతి సీజన్‌లో వచ్చింది. అందుకే మంచి షాట్ దొరికేదాకా బంతి తిప్పుకుంటూ కూర్చోగలిగారు. ముందంజలో ఉన్నాక ఇక అవతలివాళ్లే వచ్చి ఫౌల్ చేయాలి.

రీబౌండ్ల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. విల్లనోవా తప్పిన షాట్లు ఆరే. జార్జ్‌టౌన్ వాళ్లకి డిఫెన్స్‌లో పట్టుకోవడానికి బంతులే లేవు, వాళ్ల రీబౌండ్ల అంకె చూసి "బద్ధకించారు" అంటే అన్యాయం. మీ జట్టు విషయంలో దీన్ని తిరగేసి చూడండి. మీవాళ్లకి రీబౌండ్లు ఎక్కువంటే, అవతలివాళ్లు ఎక్కువ తప్పారని కావచ్చు. లేదా మీవాళ్లే బోలెడు తప్పి, తమ మిస్సులు తామే మళ్లీ పట్టుకుని ఉండొచ్చు. రెండూ ఒకే కాలమ్‌లో "41" అని కూర్చుంటే తేడా తెలియదు. అందుకే మొత్తం వదిలేసి ఆఫెన్సివ్ రీబౌండ్లు (తమ మిస్సుల్ని తామే పట్టుకున్నవి) ఒక్కటే తీసుకోండి. మీ ఆఫెన్సివ్ రీబౌండ్లని, వాటికి ఎదుటివాళ్ల డిఫెన్సివ్ రీబౌండ్లు కలిపిన మొత్తంతో భాగించండి. మీవాళ్లు తప్పిన బంతుల్లో ఎన్నో వంతు మళ్లీ మీ చేతికే వచ్చిందో అది చెబుతుంది.

ఇక అసలు విషయం, పొసెషన్. బంతి మీ చేతికి వచ్చిన దగ్గర్నుంచి అవతలివాళ్ల చేతికి పోయేదాకా ఒక పొసెషన్. ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది కాబట్టి గేమ్ అయ్యేసరికి రెండు జట్లకీ ఇంచుమించు సమానంగానే ఉంటాయి, మహా అయితే ఒకటో రెండో తేడా. ఇద్దరికీ ఒకే మొత్తం చేతికిచ్చి ఎవరు బాగా ఖర్చు పెడతారో చూడటం లాంటిది. బాక్స్ స్కోర్ ఆ ఖర్చుల చిట్టా. ఖర్చయ్యే దారులు మూడే. షాట్ కొట్టడం, ఫ్రీ త్రో గీతకి వెళ్లడం, బంతి పోగొట్టుకోవడం. ఆఫెన్సివ్ రీబౌండ్ అంటే ఖర్చు పెట్టిన డబ్బు వెనక్కి రావడం.

బాక్స్ స్కోర్‌లో పొసెషన్ల కాలమ్ చాలాసార్లు ఉండదు, మనమే కట్టుకోవాలి. షాట్ల ప్రయత్నాలు, టర్నోవర్లు, ఫ్రీ త్రో ప్రయత్నాల్ని 0.475తో గుణించిన సంఖ్య, ఈ మూడూ కూడండి. అందులోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేయండి. చాలామంది ఆ 0.475 దగ్గర జంకుతారు. ఫౌల్‌కి మామూలుగా రెండు ఫ్రీ త్రోలు, రెండూ కలిసి ఒక పొసెషన్, కాబట్టి 0.5 ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ బాస్కెట్ పడి, పైన ఒక ఫ్రీ త్రో కూడా వచ్చినప్పుడు ఆ పొసెషన్‌ని షాట్ కింద ముందే లెక్కేశాం. టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన బాగోకపోతే వేసేది) ఫ్రీ త్రోలకి పొసెషన్ ఖర్చే కాదు. అవి అంకెని కిందికి లాగుతాయి. ఎన్‌బీఏ లెక్కల్లో 0.44 వాడేది అందుకే. కాలేజీ పురుషుల ఆటలో "వన్ అండ్ వన్" ఉంది. హాఫ్‌లో ఏడో టీమ్ ఫౌల్ నుంచి మొదటిది పడితేనే రెండోది వేయనిస్తారు. మొదటిదే తప్పితే ఒక్క ఫ్రీ త్రోకే పొసెషన్ అయిపోతుంది. అందువల్ల గుణకం కాస్త పైకి జరిగింది.

విల్లనోవా మీద వేసి చూద్దాం. 28 షాట్లు, 17 టర్నోవర్లు, 27 ఫ్రీ త్రోలకి దాదాపు 13. మొత్తం 58. తప్పినవే అన్ని తక్కువ కాబట్టి ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేసినా పెద్దగా మారదు. 58 అవకాశాల్లో 66 పాయింట్లు, పొసెషన్‌కి 1.1 పైనే. కాలేజీలో పొసెషన్‌కి ఒక పాయింట్ చుట్టుపక్కల ఉంటే మామూలు ఆట. పదిహేడు పొసెషన్లు ఉత్తినే పోయాక కూడా 1.1 దాటారంటే, మిగిలిన 41లో ఏం చేశారో ఊహించుకోండి.

ఇది కొత్తగా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన లెక్క అనుకోకండి. నార్త్ కరొలైనా కోచ్ డీన్ స్మిత్ దశాబ్దాల క్రితమే గేమ్‌కి ఎన్ని పాయింట్లు అని కాకుండా పొసెషన్‌కి ఎన్ని అని చూసేవాడు. తర్వాత డీన్ ఆలివర్ అనే విశ్లేషకుడు గెలుపోటముల్ని నాలుగు అంకెలకి కుదించాడు. షూటింగ్, టర్నోవర్లు, ఆఫెన్సివ్ రీబౌండ్ల వాటా, ఫ్రీ త్రో గీతకి ఎంత తరచుగా వెళ్లారన్నది. ప్రాధాన్యం సుమారు 40, 25, 20, 15 అన్నాడు. షూటింగ్‌లో త్రీ ఒకటిన్నర బాస్కెట్ కింద లెక్క, అంటే పడిన బాస్కెట్లకి పడిన త్రీలలో సగం కలిపి ప్రయత్నాలతో భాగించాలి. మామూలు ఫీల్డ్ గోల్ శాతం నేనిప్పుడు చూడనే చూడను. త్రీనీ లేఅప్‌నీ (బాస్కెట్ దగ్గర్నుంచి వేసే సులువైన షాట్) ఒకే గాటన కట్టే అంకె అది.

ఆ త్రీలు గేమ్‌ని ఎలా తలకిందులు చేస్తాయో చూడాలంటే 2018 మార్చి 16, షార్లెట్. వర్జీనియా టోర్నమెంటు మొత్తానికి టాప్ సీడ్, అప్పటికి 31 గెలుపులు, రెండే ఓటములు. పురుషుల టోర్నమెంటులో ఒకటో సీడ్ పదహారో సీడ్ చేతిలో ఓడటం అప్పటిదాకా ఒక్కసారీ జరగలేదు, 135కి 135 గెలిచారు. హాఫ్ టైమ్‌కి 21–21. ఆఖరికి పదహారో సీడ్ యూఎంబీసీ 74, వర్జీనియా 54. వర్జీనియావాళ్లు సెకండ్ హాఫ్‌లోనే 53 పాయింట్లు తిన్నారు, ఆ సీజన్‌లో వాళ్లు ఒక పూర్తి గేమ్‌కి సగటున ఇచ్చినంత!

త్రీల వరుసలు పక్కపక్కన పెట్టండి. యూఎంబీసీ 24కి 12, వర్జీనియా 22కి 4. అంటే 36 పాయింట్లు ఒకవైపు, 12 ఇంకోవైపు, తేడా 24. గేమ్ తేడా 20. త్రీలు పక్కనపెట్టి మిగతావన్నీ కూడితే వర్జీనియా 42, యూఎంబీసీ 38. గీత లోపలా ఫ్రీ త్రోల దగ్గరా కలిపి చూస్తే ఇరవై పాయింట్లతో చిత్తయిన జట్టే నాలుగు పాయింట్లు ముందుంది. ఈ తీసివేత చేసినప్పుడు నేను నమ్మలేక రెండోసారి చేశాను.

ఇది అదృష్టమా అంటే కొంత అవును. ఒక గేమ్‌లో త్రీల శాతం వాతావరణం లాంటిది, దాన్ని బట్టి జట్టు మీద తీర్పు చెప్పకూడదు. కానీ పూర్తిగా అదృష్టం అనడానికీ లేదు. అప్పటి వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ డిఫెన్స్ అందరినీ బాస్కెట్ దగ్గరకి కుదించి, దూరపు షాట్‌ని కొంతవరకు వదిలేసే రకం. దానికి తోడు ఆట చాలా నెమ్మదిగా ఆడేవాళ్లు. పొసెషన్లు తక్కువైతే ఒక చెడ్డ పది నిమిషాల నుంచి కోలుకునే అవకాశాలూ తక్కువే. అదే కోచ్, అదే పద్ధతి, అయినా వర్జీనియా మరుసటి ఏడాది 2019లో ఓవర్‌టైమ్‌లో టెక్సాస్ టెక్‌ని 85–77తో ఓడించి టైటిల్ తెచ్చుకుంది. ఒక్క షీట్ పట్టుకుని కోచ్‌ని తీసేయమనే వాళ్లకి నేను ఈ రెండు షీట్లూ పంపుతుంటాను.

ఇప్పుడు మీవాడి సంగతి, టాప్ స్కోరర్. పాయింట్ల పక్కన అతను ఎన్ని షాట్లు వాడాడో చూడకుండా ఆ అంకెకి అర్థం లేదు. యూఎంబీసీ గెలిచిన రాత్రి జైరస్ లైల్స్ 28 చేశాడు, 11 షాట్లలో 9 వేసి. 1992లో కెంటకీ మీద ఓవర్‌టైమ్ గేమ్‌లో డ్యూక్ ఆటగాడు క్రిస్టియన్ లేట్నర్ చివరి క్షణంలో వేసిన షాట్ అందరికీ గుర్తు. షీట్‌లో అంతకంటే పెద్ద విశేషం ఉంది. షాట్లు 10కి 10, ఫ్రీ త్రోలు 10కి 10, 31 పాయింట్లు. ఒక్కటీ తప్పలేదు.

రెండో కొసన 2012 నవంబర్ 20 ఉంది. గ్రినెల్ అనే డివిజన్ త్రీ (చిన్న కాలేజీల విభాగం) కాలేజీ కుర్రాడు జాక్ టేలర్ ఒక్క గేమ్‌లో 138 పాయింట్లు చేశాడు, చిన్న బైబిల్ కాలేజీ మీద. షాట్లు 108కి 52, త్రీలు 71కి 27, ఫ్రీ త్రోలు 10కి 7. ఆడింది 36 నిమిషాలు. నిమిషానికి మూడు షాట్లు! అసిస్టులు (ఇంకొకరి బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు) సున్నా. "వాడు బంతి ఎవరికీ ఇవ్వడు" అని అప్పట్లో నవ్వినవాళ్లు చాలామంది. త్రీని ఒకటిన్నరగా లెక్కేస్తే అతని షూటింగ్ 60 శాతం దాటుతుంది, అది చెడ్డ షూటింగ్ కానే కాదు. కానీ అదే గేమ్‌లో ఎదుటి జట్టు ఆటగాడొకడు 44కి 34 వేసి 70 చేశాడు. ఎవరికీ గుర్తులేదు. వాళ్ల జట్టు 179–104తో ఓడింది. గ్రినెల్ కోర్టంతా మీద పడి ప్రెస్ చేస్తుంది, అది తప్పించుకుంటే సులువైన లేఅప్ దొరుకుతుంది, అయినా సరేనంటుంది. రెండిచ్చి మూడు తీసుకునే బేరం. ఆ 77 శాతం షూటింగ్ వాళ్లు ఇవ్వదలుచుకున్నదే. ఆటగాడి అంకెలు ఏ రకం ఆటలోంచి వచ్చాయో తెలియకపోతే 70 కూడా మోసం చేస్తుంది.

కాబట్టి మీవాడి వరుసలో చూడాల్సింది ఇది. పాయింట్లు ఒకవైపు. అతని షాట్లు, ఫ్రీ త్రోలలో 0.475 వంతు, టర్నోవర్లు కలిపి ఇంకోవైపు. అంటే జట్టు పొసెషన్లలో అతని చేతుల్లో ముగిసినవెన్ని, వాటితో తెచ్చిందెంత. పొసెషన్‌కి ఒకటి కంటే బాగా తక్కువ వచ్చి, జట్టు పొసెషన్లలో మూడో వంతు అతనొక్కడే వాడి ఉంటే, ఓటమిలో టాప్ స్కోరర్ వాటా కూడా పెద్దదే. మంచి షాట్ ఉన్న మిగతావాళ్లకి బంతి అందలేదన్నమాట. షాట్ క్లాక్ అయిపోతుంటే ప్రతిసారీ బంతి తెచ్చి అతని చేతిలో పెట్టారేమో కూడా చూడాలి. అప్పుడు తప్పిన షాట్లు అతని ఖాతాలో పడతాయి గానీ తప్పు అయిదుగురిదీ. బాక్స్ స్కోర్ ఇది చెప్పదు, ప్లే బై ప్లే (ఆటలో జరిగింది వరుసగా రాసిన చిట్టా) చూడాల్సిందే.

షీట్ ఎలా తయారవుతుందో కూడా కొంచెం తెలిసుండాలి. టేబుల్ దగ్గర ఒకరు ఆట మీంచి కన్ను తీయకుండా గట్టిగా చెబుతుంటారు, పక్కనున్నవాడు కంప్యూటర్‌లో కొడుతుంటాడు. "ముప్పై రెండు, త్రీ, మిస్. రీబౌండ్ పన్నెండు." నేను చాలాకాలం కొట్టేవాణ్ణి, తర్వాత చెప్పేవాణ్ణయ్యాను. షాట్ కొడుతుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే అది షాట్ ప్రయత్నంగా రాయం. పడితేనే రాస్తాం. బ్లాకయిన షాట్ మాత్రం మిస్సే, ఆ బంతి ఎవరు పట్టినా రీబౌండే. ఆఫెన్సివ్ ఫౌల్ ఒక టర్నోవర్ కూడా. బంతి ఎవరి చేతికీ చిక్కకుండా బయటికి పోతే టీమ్ రీబౌండ్. ఆటగాళ్ల రీబౌండ్లు కూడితే జట్టు మొత్తానికి సరిపోలేదని నాకు మెయిల్ పెట్టినవాళ్లకి జవాబు ఇదే.

అసిస్ట్ అన్నిటికంటే ఎక్కువగా మనిషి తీర్పు మీద ఆధారపడ్డది, అక్కడే సొంత జట్టు మీద ప్రేమ బయటపడుతుంది. ఒక రాత్రి మా పాయింట్ గార్డ్ పాస్ ఇచ్చాడు. అందుకున్నవాడు ఆగాడు, చుట్టూ చూశాడు, బంతిని నాలుగుసార్లు నేలకి కొట్టాడు, ఎదురున్నవాణ్ణి ఏమార్చి వేశాడు. నేను "అసిస్ట్ మూడు" అని అరిచాను. పక్కవాడు కొట్టకుండా నా మొహం చూశాడు. అయినా కొట్టించాను. తర్వాత వీడియో చూసుకుంటే సిగ్గేసింది. అందుకే ఇప్పటికీ సొంత కోర్టులో వచ్చిన పది అసిస్టుల్ని నేను ఎనిమిదిగానే చదువుకుంటాను.

పాత ఆటగాళ్లతో పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. కాలేజీ పురుషుల ఆటలో బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని ఆపడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1985–86 సీజన్ నుంచే. 1955, 56లో శాన్ ఫ్రాన్సిస్కోకి టైటిళ్లు తెచ్చిన బిల్ రసెల్ ఎన్ని బ్లాక్ చేశాడో రికార్డులో లేదు. 1973 ఫైనల్‌లో 22కి 21 వేసి 44 చేసిన యూసీఎల్ఏ బిల్ వాల్టన్‌దీ అదే పరిస్థితి. 2024లో అయోవా మహిళల జట్టు ఆటగత్తె కేట్లిన్ క్లార్క్, పాతతరం ఆటగాడు పీట్ మారవిచ్ కాలేజీ కెరీర్ మొత్తం 3,667 పాయింట్లు దాటినప్పుడు ఇరువర్గాలూ కొట్టుకున్నాయి. మారవిచ్ మూడు సీజన్లే ఆడాడు, త్రీ గీత లేదు, సగటు 44.2. క్లార్క్ నాలుగు సీజన్లు ఆడి 3,951తో ముగించింది. రెండూ గొప్పవే. వేర్వేరు నియమాల కింద వచ్చిన మొత్తాలవి, ఎవరు గొప్పో అవి తేల్చలేవు.

ప్లస్ మైనస్ గురించి కూడా అడిగారు. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపూ రెండు జట్ల పాయింట్ల తేడా అది. ఒక గేమ్‌కి దాన్ని పట్టించుకోకండి. బెంచ్ మీంచి వచ్చిన కుర్రాడు కోర్టులో ఉన్న నాలుగు నిమిషాల్లో పక్కవాడు మూడు త్రీలు వేసి, అవతలివాళ్లు ఏమీ వేయకపోతే వీడికి ప్లస్ తొమ్మిది.

షీట్ తప్పుగా ఉందని అనుమానం వస్తే రెండు పరీక్షలున్నాయి. బాస్కెట్లకి రెండేసి, దానికి త్రీకి ఒక్కోటి అదనం, ఫ్రీ త్రోలు కలిపితే స్కోరు రావాలి. నిమిషాలన్నీ కూడితే 200 రావాలి, ఒక్కో ఓవర్‌టైమ్‌కి 25 పెరగాలి. వెబ్‌సైట్లలో నిమిషాలు రౌండ్ చేస్తారు కాబట్టి ఒకటి రెండు అటూ ఇటూ అయితే కంగారు పడకండి.

మీ గేమ్ షీట్ నా దగ్గర లేదు కాబట్టి ఊహించి చెప్పను. రెండు జట్లవీ షాట్ల ప్రయత్నాలు, త్రీలు, ఫ్రీ త్రో ప్రయత్నాలు, టర్నోవర్లు, ఆఫెన్సివ్ రీబౌండ్లు, ఈ అయిదు వరుసలూ మీవాడి వరుసా ఇక్కడ పెట్టండి. నా అనుమానం ఫ్రీ త్రోల మీద. కూర్చుని కట్టి చెబుతాను.